కదలకుండా పదకొండు కిలోమీటర్లు

"బ్రేకు వదులు చేసింది నేనే. మళ్లీ బిగించడం మరిచిపోయాను. ఒక మనిషి ప్రాణం పోయింది. ఇంకా ఏం కావాలి మరదలా నీకు?"

లాకప్ ఊచల అవతల బావ గోడకు చేరగిలబడి కూర్చున్నాడు. నా మొహం చూడటం లేదు. ఒళ్లో పడేసుకున్న తన చేతులనే చూసుకుంటున్నాడు. కొండ మీది హోటల్లో అతిథుల కోసం ఉంచిన సైకిళ్లూ, నిలబడి నడిపే బ్యాటరీ స్కూటర్లూ ఆ చేతులు ముట్టుకోకుండా షెడ్డు దాటవు.

"ఎందుకు వదులు చేశావు?"

"పని ఉండి."

"ఏం పని?"

వేలిగోటి కింది గ్రీజు గీక్కోసాగాడు.

"బావా, నిక్షేపంలాంటి బ్రేకుని ఎవరూ ఊరికే వదులు చెయ్యరు. అందులోనూ నువ్వు. అక్క కుట్టుమిషను చక్రం కీచుమంటే అన్నం ముందునుంచి లేచి నూనె వేసేవాడివి."

"నేనే చంపానని రాసుకోమను. నన్ను విసిగించకుండా అక్క దగ్గరికి వెళ్లు. నిన్నటి నుంచి ఏమీ తిని ఉండదు."

ప్రైవేటు డిటెక్టివ్ అంటే వినడానికి గొప్పగా ఉంటుంది గానీ, నా దగ్గరికి వచ్చే కేసుల్లో ముప్పాతిక భాగం పెళ్లికొడుకుల గుట్టు లాగేవే. అబద్ధాలాడే మగవాళ్లను చూసీ చూసీ విసిగిపోయాను. అందుకే చెప్పగలను, బావ అబద్ధం ఆడటం లేదు. నిజమే చెబుతున్నాడు, కాకపోతే సగం మింగేస్తున్నాడు. ఆ మింగిన సగం నేను మధ్యాహ్నం లోపు కక్కించాలి. మూడింటికి ఆయన్ని మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. అక్కడా ఇదే పాట పాడితే జైలు ఖాయం. అక్క అదే హోటలు లాండ్రీలో పనిచేస్తుంది, వాళ్లుండే గది కూడా హోటలుదే. ఆయన లోపలికి వెళ్లిన సాయంత్రమే ఆమె సామాను బయటికి వస్తుంది.

జరిగిందేమిటో రెండు ముక్కల్లో చెబుతాను. ఆ స్కూటర్లకు తాళంచెవులు ఉండవు. గది తలుపు తెరిచే కార్డునే బండికి చూపిస్తే తాళం ఊడుతుంది. ఎవరి కార్డు, ఎప్పుడు తెరిచారు, చక్రం ఎంత దూరం తిరిగింది, ఎప్పుడు ఆగింది అన్నవి ఆఫీసు కంప్యూటరుకు చేరతాయి. బండి ఎక్కడ తిరిగిందో మాత్రం చేరదు, అంత ఖరీదైనవి వాళ్లు కొనలేదు. నిన్న పొద్దున ఆరింటికి ఒక అతిథి కార్డుతో ఏడో నంబరు స్కూటరు తెరుచుకుంది. పదకొండు కిలోమీటర్లు తిరిగి ఆరున్నరకు ఆగింది. ఎనిమిది దాటాక పాలవాడు రెండో మలుపు కింద బండరాళ్ల మీద ఆ అతిథి శవాన్ని చూశాడు. పక్కనే ఏడో నంబరు, దాని బ్రేకు కేబులు వేలాడుతూ ఉంది. ఇన్‌స్పెక్టరుకు అంతకంటే ఏం కావాలి?

హోటలు హాల్లోకి అడుగు పెట్టగానే ఎదురుగా పెద్ద బోర్డు. మా అతిథులు కార్లు మానేసి, పొగ లేకుండా ప్రయాణించిన దూరం ఇంత అని మెరిసే అంకెలు. నేను చూస్తుండగానే చివరి అంకె మారింది. చావు జరిగిన ఇంట్లో గోడ గడియారం ఆడుతున్నట్టు అనిపించి, చూపు తిప్పుకున్నాను.

మేనేజరు నా కోసమే నిలబడి ఉన్నాడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. గొంతు పెంచి ఎరగడని అక్క ఎప్పుడూ మెచ్చుకుంటుంది.

"మీ బావగారి మీద మాకు కోపం లేదండీ. మనిషన్నాక మరుపు సహజం."

"పోయినాయన మామూలు అతిథి కాదటగా?"

"మాకు అతిథులంతా ఒకటేనండీ."

"ఆ బోర్డు మీద అంకెలు నిజమో కాదో చూసి, మీకు పచ్చ సర్టిఫికెట్ ఇవ్వాలో వద్దో తేల్చడానికి వచ్చాడని మా అక్క చెప్పింది. ఆ సర్టిఫికెట్ లేకపోతే టూరిస్టు కంపెనీలు మీ గడప తొక్కవని కూడా చెప్పింది."

"నిజమే. మా షెడ్డు చూసి ఆయన చాలా సంతోషించారు. మొన్న రాత్రి భోజనం దగ్గర మెచ్చుకున్నారు కూడా."

"ఇంకెవరు విన్నారు?"

"మేమిద్దరమే కూర్చున్నామండీ."

"నిన్న పొద్దున మీరెక్కడ ఉన్నారు?"

"ఆరు నుంచి ఏడు దాకా భోజనాల హాల్లో సిబ్బందితో మీటింగు పెట్టుకున్నాను. ఇరవై మంది ఉన్నారు. మీరు ఎవరినైనా అడగొచ్చు."

నేను పొద్దున అన్నాను. ఆయన గంటలు లెక్క చెప్పాడు. పెళ్లికొడుకుల్లో కూడా ఇలాంటివాళ్లు తగులుతారు, అడగకుండానే జీతం రసీదు తీసి చూపిస్తారు. వాళ్ల ఫైలు నేను పక్కన పెట్టుకుంటాను. మేనేజరు షెడ్డు తాళాలు నా చేతిలో పెట్టి, పనుందని మర్యాదగా సెలవు తీసుకున్నాడు.

తాళాల అవసరం రాలేదు. షెడ్డు తలుపు బార్లా తీసి ఉంది. లోపల ఇన్‌స్పెక్టరు ఏడో నంబరుకు తాడు కట్టిస్తున్నాడు, స్టేషనుకు తీసుకుపోవడానికి. నన్ను చూసి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"రండి పెళ్లిళ్ల పేరమ్మగారూ. ఇక్కడ పెళ్లికొడుకులెవరూ లేరే!"

క్రితం ఏడాది ఆయన ప్రమాదమని మూసేసిన కేసు ఒకటి నేను తిరగదోడాను. అప్పటి నుంచి నేనంటే ఆయనకు ఒళ్లు మంట. నాకూ ఆయనంటే ప్రేమేమీ లేదు.

"అయిదు నిమిషాలు ఆ బండి చూసుకుంటాను."

"నిందితుడి మరదలికి సాక్ష్యం ముట్టుకునే హక్కు ఎవరిచ్చారమ్మా?"

"ముట్టుకోను, చూస్తాను. చూపు తగిలితే అరిగిపోతుందా?"

కానిస్టేబులు నవ్వాపుకోలేక దగ్గాడు. ఇన్‌స్పెక్టరు వాడి వైపు ఒక చూపు విసిరి, చేతి గడియారం నాకు చూపించి పక్కకు జరిగాడు.

షెడ్డులో వెలుతురు తక్కువ. బయట మబ్బు, లోపల తడి గోడల వాసన. స్కూటర్లు వరసగా గోడకు ఆనించి ఉన్నాయి, మధ్యలో నేలమీద ఒక ఇనప స్టాండు. ఏడో నంబరు ముందు గొంతుక్కూర్చున్నాను. ఒక పక్కంతా బురద మెత్తుకుని ఉంది. పడింది కాబట్టి అది సహజం. తల నేలకు ఆనించినంత పని చేసి, పాదాలు పెట్టుకునే పలక అడుగు భాగం చూశాను. శుభ్రంగా ఉంది. వెనక చక్రం మడ్‌గార్డు లోపలి వైపు టార్చి వేశాను. అక్కడా దుమ్ము తప్ప బురద చుక్క లేదు.

హ్యాండిల్ మీది బటను కానిస్టేబులు చేత నొక్కిస్తే బ్యాటరీ గీతలు వెలిగాయి. అయిదు. మొత్తం ఉండేదే అయిదు.

"దీన్ని మళ్లీ చార్జింగు పెట్టారా?"

"సాక్ష్యానికి చార్జింగు పెట్టడానికి మాకేం పిచ్చా? ఎక్కడ ఎలా దొరికిందో అలాగే ఉంది. అయిదు నిమిషాలు అయ్యాయి, లేవండి."

"పదకొండు కిలోమీటర్లు తిరిగిన బండిలో అయిదు గీతలు ఎలా ఉన్నాయి?"

"మంచి బ్యాటరీ అయి ఉంటుంది. కొనుక్కోండి ఒకటి."

వాదించి లాభం లేదు. మూడో నంబరు అచ్చం అలాంటిదే, దానికీ అయిదు గీతలున్నాయి. షెడ్డు తాళాల గుత్తికి సిబ్బంది కార్డు కూడా తగిలించి ఉంది. బండి తెరిచి ఎక్కి నిలబడ్డాను.

"ఏయ్! ఎక్కడికి?"

"గేటు దాకా. పారిపోతే జీపులో వచ్చి పట్టుకోండి, ఇది అంత వేగం పోదు."

మొన్న రాత్రంతా వాన. ఇవాళ కూడా తుంపర. రోడ్డంతా ఎర్రటి నీళ్లు. గేటు దాకా దిగడం బాగానే ఉంది గానీ, తిరిగి ఎక్కేటప్పుడు బండి మూలిగింది. నా బరువెంతో ఇక్కడ రాయను. షెడ్డు చేరేసరికి ఒక గీత ఆరిపోయింది, రెండోది ఆరనా వద్దా అన్నట్టు కొట్టుకుంటోంది. బండి దిగి, సిగ్గు విడిచి ఇన్‌స్పెక్టరుకు వీపు చూపించాను.

"చూడండి."

లేత రంగు ప్యాంటు పిక్కల నుంచి నడుం దాకా బురద చుక్కలు పడ్డాయి. వీపు మీద కూడా పడ్డాయని కానిస్టేబులు గట్టిగానే చెప్పాడు. మూడో నంబరును అక్కడే పడుకోబెట్టాను. మడ్‌గార్డు లోపల ఎర్రటి ముద్ద, పలక అడుగున బురద కారుతోంది.

"గేటు దాకా వెళ్లొస్తేనే ఇది. మీ ఏడో నంబరు ఈ రోడ్డు మీదే పదకొండు కిలోమీటర్లు తిరిగింది. దాని అడుగున ఒక్క చుక్క చూపించండి, ఇప్పుడే ఇంటికి పోతాను."

ఇన్‌స్పెక్టరు టోపీ తీసి కానిస్టేబులుకిచ్చి, నేను కూర్చున్న చోటే గొంతుక్కూర్చున్నాడు. చాలాసేపు టార్చి వేసి చూశాడు.

"అయితే కంప్యూటరు అబద్ధం చెబుతోందా?"

"కంప్యూటరు చక్రం తిరిగిందని చెప్పింది. రోడ్డు మీద తిరిగిందని మనం అనుకున్నాం."

వరసలో ఉన్న మిగతా స్కూటర్ల చక్రాల మీద వేళ్లు పెట్టి తడుముకుంటూ పోయాను. కొత్త టైరుకు సన్నగా రబ్బరు నూగు ఉంటుంది, నాలుగు రోజులు నడిపితే రాలిపోతుంది. నాలుగో నంబరు మీటరులో మూడు వేల కిలోమీటర్లకు పైగా చూపిస్తోంది. టైరు మీద నూగు మాత్రం పుట్టినప్పటిది అలాగే ఉంది. అయిదో నంబరుదీ అదే కథ. పోయినాయన వృత్తే ఇది. మొన్న సాయంత్రం ఇదే షెడ్డులో ఆయన కూడా ఇలాగే తడిమి ఉంటాడు.

నేల మీది ఇనప స్టాండు దగ్గరికి వెళ్లాను. బండిని దాని మీద ఎక్కిస్తే వెనక చక్రం గాల్లో ఉంటుంది. స్టాండు కొక్కేనికి తెల్లటి తువాలు పీలిక ఒకటి వేలాడుతోంది, ముడి వేసి వేసి నలిగింది. హ్యాండిల్ మీది యాక్సిలరేటరు మీటకు దాన్ని బిగించి కట్టేస్తే మనిషి అక్కర్లేదు, చక్రం దానంతట అదే తిరుగుతూ ఉంటుంది. మోయడానికి బరువు లేదు, ఎక్కడానికి కొండ లేదు. బ్యాటరీ ఎందుకు అరుగుతుంది? కిలోమీటర్లు మాత్రం బోర్డు మీదికి పరిగెడతాయి.

తువాలు పీలిక చేతిలోకి తీసుకున్నాను. హోటలు తువాళ్లు చించే చేతులు లాండ్రీలో తప్ప ఇంకెక్కడ ఉంటాయి? ఫోను తీసి అక్కకు కలిపాను. ఇన్‌స్పెక్టరు కూడా వినాలని స్పీకరు పెట్టాను.

"అక్కా, షెడ్డులో స్కూటర్లని స్టాండెక్కించి ఎవరు తిప్పుతారు?"

అటునుంచి తలుపు దగ్గరికి వేసిన చప్పుడు వినిపించింది.

"చిట్టీ, నీకెవరు చెప్పారే?"

"నా కళ్లు చెప్పాయి. నీళ్లు నమలకుండా చెప్పు. బావకి ఉన్న టైము తక్కువ."

"అందరం తిప్పుతాం. మీ బావ తిప్పుతాడు, ఆయనకి ఒంట్లో బాగోకపోతే నేను తిప్పుతాను. అంకె తగ్గితే సర్టిఫికెట్ పోతుంది, సర్టిఫికెట్ పోతే హోటలు మూసేస్తారు, అప్పుడు మనమంతా రోడ్డున పడతామని సారు చెప్పారు. అతిథులు ఎవరూ ఎక్కరే ఆ బండ్లు! వాన పడితే చాలు, కారు పిలవమంటారు. మేం చేసిన పాపం ఏమిటి, చక్రం తిప్పాం. ఎవర్ని ముంచాం?"

నాకు కోపం రావాలి, రాలేదు. ఉన్న గది పోకుండా ఉండటానికి వేళ కాని వేళ గాల్లో చక్రం తిప్పుకుంటున్న ఆ మొగుడూపెళ్లాలను తలుచుకుంటే దుఃఖం వచ్చింది.

"తిప్పేటప్పుడు బ్రేకు ఎందుకు వదులు చేస్తారు?"

"బిగువుగా ఉంటే చక్రానికి రాసుకుని కాలిపోతుంది. అందుకని వదులు చేసి, అయ్యాక బిగిస్తాడు. నిన్న మరిచిపోయాడట. అదే ఆయన్ని తినేస్తోంది. పాపం, ఆ మనిషి నా చేతకానితనం వల్లే పోయాడని తల బాదుకుంటున్నాడు. ఎందుకు వదులు చేశావంటే మా అందరి పేర్లూ చెప్పాలి, అందుకని నోరు కుట్టేసుకున్నాడు."

"నిన్న ఏ బండి తిప్పాడు? ఎన్నింటికి?"

"ఏడో నంబరే. ఆరింటికి మొదలెట్టాడు, అరగంట తిప్పాడు. అయ్యాక చక్రాలకు బురద అంటకుండా తోపుడుబండి మీద గేటు దగ్గరికి చేర్చమన్నారట సారు, ఎవరో అతిథి తీసుకుంటారని."

నేనూ ఇన్‌స్పెక్టరూ మొహాలు చూసుకున్నాం.

"తాళం ఏ కార్డుతో తెరిచాడు?"

"సారే ఇస్తారు రోజూ ఒక కార్డు. అతిథి కార్డుతో తెరిస్తేనే లెక్కలోకి వస్తుంది కదా. కార్డు మీద పేరుంటుందా ఏమన్నానా? ఎవరిదో మాకేం తెలుసు?"

ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టాను.

"ఇన్‌స్పెక్టర్ గారూ, నిన్న ఏడో నంబరు ఎన్నిసార్లు తెరుచుకుంది?"

"ఒక్కసారే." ఆయన గొంతు దిగిపోయింది. "ఆరింటికి తెరిచారు, ఆరున్నరకు ఆగింది. తర్వాత ఒక్క అడుగు కూడా తిరగలేదు."

"ఆ పదకొండు కిలోమీటర్లూ మా బావ ఇక్కడ స్టాండు మీద తిప్పినవే. చచ్చిపోయినాయన ఆ బండి అసలు ఎక్కలేదు."

కానిస్టేబులు ఏదో గొణుక్కున్నాడు. ఇన్‌స్పెక్టరు టోపీ అడిగి తీసుకున్నాడు గానీ పెట్టుకోలేదు.

"ఒక మాట నన్ను మొదటి నుంచీ గుచ్చుతోంది," అన్నాడు నెమ్మదిగా. "శవం పడి ఉన్నది ఎత్తైన బండ మీద, కింద నీళ్లు లేవు. అయినా బట్టలు పిండితే కారాయి. వాన తెల్లవారకముందే ఆగిపోయింది. ఆరింటికి బయల్దేరినవాడు అంతగా ఎలా తడుస్తాడని అనుకున్నాను. కంప్యూటరు చూసి నోరు మూసుకున్నాను."

ఈ మాట నాతో చెప్పడానికి ఆయనకు ఎంత కష్టమైందో తెలుస్తూనే ఉంది. దెప్పిపొడవడానికి నాకు మనసు రాలేదు.

"అంటే రాత్రి వానలోనే పడి ఉన్నాడు. మేనేజరు చెప్పినట్టు భోజనం దగ్గర మెచ్చుకోలేదు, ఈ దొంగలెక్కల గురించి నిలదీసి ఉంటాడు. పొద్దున ఆరున్నర దాకా బతికి ఉన్నాడని చూపించడానికి మా బావ చేత చక్రం తిప్పించారు, ఇరవై మంది ఎదుట మీటింగు పెట్టుకున్నారు. కానీ గేటు దగ్గర పెట్టిన బండి మలుపు కిందికి ఎలా పోయింది?"

"ఏడింటికి మేనేజరు సామాన్ల వ్యాను తనే నడుపుకుంటూ ఆ మలుపు మీదుగా వెళ్లాడు. కింద ఏమీ కనబడలేదని నాకు చెప్పాడు." ఇన్‌స్పెక్టరు కళ్లు మూసి తెరిచాడు. "నేను రాసుకున్నాను."

బావ మరుపు ఎవర్నీ చంపలేదు. ఆ మాట ఆయన చెవిన పడితే చాలు, మింగిన సగం తనంతట తనే బయటపెడతాడు. కార్డు ఎవరిచ్చారో, గేటు దగ్గర ఎవరు పెట్టమన్నారో కోర్టులో చెప్పగలిగినవాడు ఆయనొక్కడే. చెయ్యి తీసి ఫోనులో అరిచినంత పని చేశాను.

"అక్కా, విను. బావ తప్పేమీ లేదు. ఇప్పుడే స్టేషనుకు వస్తున్నాను. నువ్వూ రా, నువ్వే చెబుదువుగాని ఆయనకు."

"స్టేషనుకు ఎందుకే? నీకు చెప్పనే లేదు కదూ! ఆయన్ని వదిలేశారు. ఇప్పుడే, పావుగంట కూడా కాలేదు. సారు స్వయంగా వెళ్లి పూచీ ఇచ్చి, తన కారులోనే ఎక్కించుకున్నారట. ఎంత మంచి మనిషో! నాకు ఫోను చేసి మరీ చెప్పారు. ఇక నుంచి మీ ఆయన గురించి మీరు దిగులు పడక్కర్లేదమ్మా అన్నారు."

ఇన్‌స్పెక్టరు జీపు తాళాల కోసం జేబులు తడుముకున్నాడు.

"పొద్దున నన్ను అడిగాడు," అన్నాడు. "హోటలు వాళ్లే పూచీ ఉంటామంటే నాకేం నొప్పని సంతకం పెట్టి వచ్చాను."

అక్క ఇంకా ఏదో చెబుతోంది. ఫోను పెట్టేసి బావ నంబరు నొక్కాను. చాలాసేపు మోగింది. చివరికి ఎవరో ఎత్తారు.

"బావా! ఎక్కడున్నావు?"

"మీ బావగారు మాట్లాడే స్థితిలో లేరండీ." అదే మెత్తని గొంతు, అదే మర్యాద. "మనిషిని చంపానని ఒకటే ఏడుపు. రెండో మలుపు దగ్గర కారు ఆపమన్నారు, ఆపాను. అంచు దాకా వెళ్లి నిలబడ్డారు. పిలిస్తే వెనక్కి రావడం లేదు. ఏ అఘాయిత్యం చేసుకుంటారోనని నాకు చాలా భయంగా ఉంది. నేను మీకు ముందే చెప్పానని గుర్తుంచుకోండి."

ఏడుస్తున్నాడన్నాడు. ఫోనులో కొండగాలి హోరు తప్ప నాకు ఏ ఏడుపూ వినిపించలేదు.